పాత పెంకుటింట్లో గదులు బాగు చేయించాలి, సిమెంటు పూత వేయించొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 1950లలో కట్టిన ఇల్లు, ఇటుక, సున్నం గోడలు. కింద రెండు మూడడుగుల మేర రంగు పొరలుగా లేచిపోతోంది. పాత పూత మొత్తం కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి రంగులు వేస్తే కొత్త ఇల్లులా ఉంటుందని మేస్త్రి అంటున్నాడు. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

నన్నడిగితే ఒప్పుకోవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. మాది తెనాలి పక్క పల్లె. తాతగారు కట్టించిన బంగళా పెంకుల ఇంట్లో రెండు గదులు, వంటిల్లు, ఒక బాత్రూం బాగు చేయించుకున్నాం. మీ మేస్త్రి చెప్పిన పనే అంతకుముందు మా బాబాయి వాళ్ల వాటాలో చేయించారు. ఏడాది బాగానే ఉంది. ఆ తర్వాత చెమ్మ సిమెంటు పూతను దాటి కిటికీ దాకా ఎక్కింది.

కారణం పెద్ద చిక్కుముడేమీ కాదు. ఆ రోజుల్లో పునాది మీద చెమ్మను ఆపే పొర వేయడం అరుదు. నేలలో తడి ఇటుకల్లోంచి పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ తడిని గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు అంత తేలిగ్గా వదలదు కాబట్టి తడి ఇంకా పైకెక్కి దారి వెతుక్కుంటుంది. దాంతోపాటు వచ్చిన ఉప్పు గోడ ఆరినచోట తెల్లగా పూసి రంగును నెట్టేస్తుంది. గోరుతో గీకితే పిండిలా రాలేది అదే.

అందుకని ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకోండి. రంగులు, టైల్సు ఎంచుకోవడానికి చాలా టైముంది. ఏడాదిలో ఏ కాలంలో చెమ్మ పెరుగుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. వాన పడ్డ మర్నాడే గోడ నల్లబడితే చూరు నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయని లెక్క. ఎండాకాలంలోనూ తగ్గకపోతే పక్కనే ఏదో పైపు కారుతోందని అనుమానించాలి. మా డెల్టా ఊళ్లలో ఇంకోటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక బావిలో నీళ్లు పైకొస్తాయి, గోడల్లో చెమ్మా వాటితోపాటే పైకొస్తుంది. తడి బయటి గాలిదా, గోడలోదా అని సందేహమైతే జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు పక్కలా టేపు వేసి గోడకు అంటించి రెండు రోజులాగి చూడండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టే.

మా ఇంట్లో అసలు దొంగ వీధి రోడ్డు. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయేసరికి ఒకప్పుడు మూడు మెట్లెక్కి పోయే అరుగు వీధితో సమానమైపోయింది. పెరట్లో కూడా ఏళ్ల తరబడి మట్టి మేట వేసింది. గోడ వెంబడి ఆ మట్టి తోడించి, నీళ్లు వీధి కాలువలోకి పోయేలా వాలు పెట్టించి, చూరు నీళ్లు పట్టి పక్కకు పంపే తొట్టి కట్టించాం. గదుల్లో చేసిన ఏ పనికన్నా దీనివల్లే ఎక్కువ తేడా కనపడింది.

ఆ తర్వాతే పూత. మరక కనిపించినంత మేరా, దాని పైన ఇంకో అడుగు వరకూ కొట్టించి, ఇటుకల సందుల్లో పొడైపోయిన సున్నం గీకించి గోడను ఆరనివ్వండి. లావు గోడ ఆరాలంటే నెలలు పడుతుంది. సంక్రాంతి వెళ్లగానే మొదలుపెడితే వానలు పడేలోగా ఆరుతుంది. పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఇసుక. సున్నాన్ని కనీసం రెండు వారాలు నానబెట్టాలి. బట్టీలో కాల్చిన సున్నంలో నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది, పిల్లల్ని అటు రానివ్వకండి, కళ్లలో పడితే ప్రమాదం. పూత పలచగా ఒక పొర ఆరాక ఇంకో పొర వేయాలి. ఎండకు తొందరగా ఆరిపోతే పగుళ్లిస్తుంది, తడి గోనె సంచులు వేలాడదీయించండి. మా వైపు పాత మేస్త్రులు కరక్కాయ, బెల్లం నీళ్లు కూడా కలుపుతారు. కుర్ర మేస్త్రులు చాలామందికి ఈ పని రాదు, పాత గుళ్ల దగ్గర పనిచేసినవాళ్లను వాకబు చేయండి. పైన పుట్టీ, ఆయిల్ పెయింటు వద్దు, సున్నం వేస్తే చాలు.

వైరింగు, నీళ్ల పైపులు పూతకు ముందే అయిపోవాలి. పాత వైరింగుకు ఎర్త్ ఉండకపోవచ్చు, కాబట్టి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పకుండా పెట్టించండి. తడి గోడలున్న ఇంట్లో దీని దగ్గర బేరాలు వద్దు. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేరుగా లాగించండి.

దూలాలు నడుమ గట్టిగానే కనిపిస్తాయి, గోడలోకి దిగే చివరే ముందు పుచ్చుతుంది. స్క్రూడ్రైవరుతో అక్కడ పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే వడ్రంగిని పిలిచే వరకూ పై పని ఆపేయండి.

టైల్సు పాత గచ్చు మీదే వేసేస్తామంటారు, జాగ్రత్త. నేల రెండంగుళాలు లేస్తుంది, తలుపుల అడుగు కోయాలి, గడప సగం మునిగిపోతుంది. మా నాయనమ్మ గడప దగ్గర కూర్చుని, పసుపు ఎక్కడ రాయను అని మేస్త్రిని నిలదీసింది. దాంతో గచ్చు తవ్వించాల్సొచ్చింది. ఖర్చు పెరిగింది గానీ, ఆవిడ చెప్పిందే సబబు.

పాత తలుపుల రంగు గీకించేటప్పుడు కూడా పిల్లల్ని దూరంగా ఉంచండి. పెయింట్లలో విషమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017లోనే అమల్లోకొచ్చింది, అంతకుముందు రంగుల్లో ఎంతుందో చెప్పలేం. తడిపి గీకిస్తే దుమ్ము లేవదు.

పని గుత్తకివ్వకండి. పాత ఇంట్లో గోడ విప్పాక ఏం బయటపడుతుందో మేస్త్రికీ తెలియదు, మీకూ తెలియదు, చివర్లో గొడవే మిగులుతుంది. రోజు కూలి లెక్కన పెట్టుకుని సామాను మీరే కొనండి. పైకప్పు విప్పితే మంచి పెంకులు ఏరి పెరట్లో పేర్పించండి. కొత్తవి తెచ్చినా పాత వాటితో గాడి కలవక సందుల్లోంచి వాన కారుతుంది.