కూర్చుని చేసే ఉద్యోగం, నలభై ఏళ్ల వయసు: కొండలెక్కడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒంగోలులో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉన్నానని, నలభై ఏళ్ల వయసులో ట్రెక్కింగ్ మొదలుపెట్టవచ్చా, అందుకు ముందుగా ఏమేం కొనాలి అని మీరు అడిగారు. నిస్సందేహంగా మొదలుపెట్టవచ్చు. కొనే సంగతి చివర్లో చెబుతాను.

దూరంగా ఉన్న హిమాలయాల వీడియోలు చూసి మనవాళ్లు ఊరి పక్కనున్న కొండలను చిన్నచూపు చూస్తారు. నెల్లూరు వాడినైన నేను మొదలుపెట్టింది పెన్న ఒడ్డున ఉన్న నరసింహకొండ మీదనే. భక్తుల రాకపోకలున్న ఇలాంటి కొండల మీద దారి తప్పే భయం ఉండదు, సగంలో వెనక్కి తిరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. మీకు మాలకొండ కూడా అనుకూలమే, కాకపోతే అక్కడ ఆలయం శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు.

ఎక్కేటప్పుడు పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగినంత నెమ్మదిగా నడవండి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. అయితే కొత్తవారిని నిజంగా ఇబ్బంది పెట్టేది ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు తొడల ముందుభాగపు కండరాలు సాగుతూనే శరీర బరువును ఆపవలసి వస్తుంది కనుక, ఆ రోజు హాయిగా ఉన్నవారు కూడా మర్నాడో, ఆ మర్నాడో కుర్చీలోంచి లేవలేక మూలుగుతారు. ఇది గాయం కాదు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. అడుగులు చిన్నవిగా, మోకాళ్లు కొద్దిగా వంచి దిగడం అలవాటు చేసుకోండి. ఆఫీసులో లిఫ్టు మానేసి మెట్లు దిగడం కూడా మంచి సాధనే.

సమయం లెక్కకు నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికివస్తుంది: సుమారు 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. మన ఎండకు, కొత్త కాళ్లకు నేను దానికి సగం కలుపుకుంటాను. కాళ్లు కుదిరాక ఉదయగిరి దుర్గం ప్రయత్నించండి. అంత సైన్యమున్న కృష్ణదేవరాయలకే దాన్ని 1514లో పట్టుకోవడానికి ముందు ఏడాదికి పైగా ముట్టడి వేయవలసి వచ్చింది కాబట్టి, మీకు ఒక పూట ఎక్కువ పట్టినా తప్పులేదు.

కాలం విషయంలో మాత్రం రాజీ పడకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు బండలు జారుతాయి, వాగులు చూస్తుండగానే పొంగుతాయి. అందువల్ల భైరవకోన, పెంచలకోన జలపాతాలు ఎంత ఊరించినా భారీ వాన పడిన రోజున వెళ్లకండి. జనవరి, ఫిబ్రవరి నెలలు శ్రేష్ఠం. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది గంటలకల్లా కిందికి వచ్చేయాలి. పూట నడకకు మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, వాటితోపాటు ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఓఆర్ఎస్ గానీ ఉండాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా నీడకు చేరి ఆగిపోండి. పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం, నల్లమలలో చాలా భాగం పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా దారి వదిలి లోపలికి వెళ్లరాదు. బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ముందుగా వైద్యుణ్ణి అడగండి.

ఇక కొనవలసింది అడుగున గట్టి పట్టు ఉన్న బూట్లు మాత్రమే. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, మందపాటి మేజోళ్లతో తొడిగి చూసి, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేవి తీసుకోండి. లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. చేతికర్రకు ఇంట్లోని వెదురు కర్ర చాలు.