కొత్త వీణ కొనకురా, ఒక్క వర్ణం అడుగు

ఒరేయ్ చిన్నా,

మీ అమ్మ పుట్టినరోజుకి చెప్పాపెట్టకుండా కొత్త వీణ కొనిద్దామనుకుంటున్నానని నిన్న ఫోన్లో అన్నావు. నీ మనసు మంచిదే గానీ ఆ పని మాత్రం చెయ్యకు. ఏళ్ళ తరబడి తీగ ముట్టని మనిషి ముందు తళతళలాడే వీణ పెడితే, "ఇంత డబ్బు పోశాడు, ఇక వాయించి తీరాలి కాబోలు" అని టెన్షన్ పట్టుకుంటుంది. నాలుగు రోజులు కూర్చుని, ఆ తర్వాత దుప్పటి కప్పేస్తుంది. వీణ పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని, ఇలా మూలన పడ్డ కొత్త వీణలు బోలెడు చూశాను.

మీ అమ్మ వాయించగా నువ్వు సరిగ్గా విన్నది లేదు. మహారాణిపేట ఇంట్లో కాపురానికొచ్చిన కొత్తలో వదిన మోహన రాగంలో వర్ణం, అంటే కచేరీల్లో మొదట వాయించే తరహా రచన, ఎత్తుకుంటే పక్కవాటా వాళ్ళు పొయ్యి కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఆ గమకం, అదే స్వరాన్ని ఊపి పలికించే తీరు, నేర్పితే వచ్చేది కాదు. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేదిలే. తర్వాత మీరు పుట్టారు, మా నాన్న మంచాన పడ్డారు. వాయించొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు. వాయించమనీ ఎవరూ అడగలేదు. ఇప్పుడా వీణ దసరాల్లో మూలా నక్షత్రం నాడు మాత్రం అటక దిగుతుంది. కుండ మీద, అంటే దాని గుండ్రటి బుర్ర మీద, నిరుటి కుంకుమ బొట్టు పైనే ఈ ఏటి బొట్టు పెట్టించుకుని, సాయంత్రానికి మళ్ళీ అటకెక్కుతుంది.

ముందు ఆ పాత వీణ సంగతి చూడు. అది బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసింది. దాని 24 మెట్లూ, అంటే తీగల కింద ఉండే అడ్డ కడ్డీలు, మైనం మీద నిలబడి ఉంటాయి. వాడకం లేక మైనం ఎండి పగులుతుంది, మెట్లు కదులుతాయి. అప్పుడు ఎంత విద్వాంసులు మీటినా స్వరం స్థానంలో పలకదు. ఇది తెలియకుండా మీ అమ్మ చేతికిచ్చావనుకో, పోయింది మేళమైతే, అంటే మెట్ల అమరికైతే, పోయింది తన చెయ్యే అనుకుంటుంది. ఇక మళ్ళీ ముట్టదు. తీగలు ఏడూ మార్పించు. మన విశాఖ సముద్రపు గాలికి ఉక్కు తీగలు తుప్పు పడతాయి, ఇత్తడివి చిలుమెక్కుతాయి. బాగై వచ్చాక కిటికీ పక్కన పెట్టకండి.

మేళం కట్టించేటప్పుడు అమ్మని వెంట తీసుకెళ్ళు. "నాకు శ్రుతి తెలీదు, సరిగ్గా కట్టారో లేదో నువ్వే చూసి చెప్పాలి" అను. గమనించావా, వాయించమని నువ్వు అడగలేదు. చెవి అడిగావంతే. కానీ మెట్టు మెట్టుకీ మీటి చూడకుండా ఆవిడ చెప్పలేదు కదా!

ఇంటికొచ్చాక, "నువ్వు బ్రహ్మాండంగా వాయిస్తావటగా, మళ్ళీ మొదలెట్టొచ్చుగా" లాంటి మాటలు వద్దు. "ఈ వయసులో ఇప్పుడెందుకురా" అంటుంది, అక్కడితో సరి. ఫలానాదని అడుగు. "ఆ మోహన వర్ణం ముక్తాయి స్వరం దాకా వాయించమ్మా, ఆదివారం వింటాను" అను. వర్ణం మొదటి సగం ముక్తాయి స్వరంతో అవుతుంది, ఆ తర్వాతిది చరణం. ఆదివారం నిజంగా వచ్చి కూర్చో. ఫోను పక్క గదిలో పెట్టి రా. దొంగచాటుగా వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టావంటే నా దగ్గర చీవాట్లు తింటావు. అందులో వచ్చే చప్పట్ల బొమ్మల వల్ల ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

మొదట్లో పావుగంట చాలు. ఎడమ చేతి వేళ్ళకి పాత కాయలు ఎప్పుడో పోయుంటాయి, తీగ కోస్తుంది. అపశ్రుతి పడితే "పర్లేదు, సూపర్" అనకు. పడిందని ఆవిడకి తెలుసు, నీకు తెలియలేదని కూడా తెలిసిపోతుంది. రెండోసారి గాంధారం బాగా పలికిందని నీకు నిజంగా అనిపిస్తే ఆ మాట చెప్పు. లేకపోతే మాట్లాడకుండా మళ్ళీ ఆదివారానికి చరణం అడుగు.

మన ఊళ్ళో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరుతో కళాక్షేత్రం ఉంది కదా, ఆయన కథ నీకు తెలుసో లేదో. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి విద్యార్థిగా చేరదామని వెళ్ళారు. ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు ఆయన వయొలిన్ విని, ఏకంగా అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇప్పించారు. భేష్ అని భుజం తట్టి పంపేసినా ఎవరూ తప్పు పట్టరు. దాసు గారు పని అప్పజెప్పారు. మీ అమ్మకీ అలాంటిదే ఒకటి చూడు. నీ కూతురికి సరళీ స్వరాలు మొదలెట్టించమను, అదీ పిల్లకి ఇష్టమైతేనే. పాఠం చెప్పాలంటే ముందు తను సాధన చెయ్యక తప్పదు. పిఠాపురం కాలనీ కళాభారతిలో వీణ కచేరీ ఉందని తెలిస్తే, వేళ్ళు కనబడే వరసలో కూర్చోబెట్టు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆవిడ వంకలు పెట్టడం మొదలెడితే పని సగం అయినట్టే.

ఇంత చేసినా వద్దంటే పట్టుబట్టకు. ఒక నెల ఊరుకుని, ఇంకో కీర్తన పేరు చెప్పి అడుగు. కోడలు చేత కూడా అడిగించు, కానీ ఇద్దరూ ఒకే రోజు అడిగి కూడబలుక్కున్నట్టు కనబడకండి.

సాధనకి సాయంత్రం ఆరు నుంచి ఏడు మంచి వేళ. అది మా అన్నయ్య వార్తలు పెట్టుకునే టైమని నాకు తెలుసు. టీవీ సౌండు సంగతి నువ్వెత్తకు, నేనొచ్చి మాట్లాడతాను.

మీ మేనత్త