వాడని పేటెంట్లకు కంపెనీలు డబ్బు ఎందుకు కడతాయి?

వాడే ఉద్దేశం లేకపోయినా కంపెనీలు ఖర్చు పెట్టి పేటెంట్లు ఎందుకు తీసుకుంటాయని అడిగారు. హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం) కంపెనీ ఆర్ అండ్ డీలో పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ చూసింది చెప్తాను.

నా పేరున్న మొదటి పేటెంట్ ప్లాంట్ దాకా వెళ్లనే లేదు. ఒక మందు తయారీకి మా టీమ్ మూడు రూట్లు, అంటే మూడు తయారీ పద్ధతులు తేల్చింది. నా దాంట్లో యీల్డ్ (చివరికి చేతికొచ్చే మందు) తక్కువ, సాల్వెంట్ (కరిగించే ద్రవం) ఖర్చు ఎక్కువ. అయినా మూడింటికీ ఫైల్ చేశారు. ఎందుకని అడిగితే మా సార్, "మనం నడిచేది ఒక దారిలోనేనమ్మా, మిగతా రెండూ వదిలేస్తే పోటీవాళ్లు వాటిలోంచి వస్తారు" అన్నారు. పేటెంట్ అంటే తయారు చేసుకునే హక్కు అని అప్పటిదాకా అనుకునేదాన్ని. నిజానికి అది ఇతరులను ఆపే హక్కు. మనం వాడకపోయినా దాని పని అది చేస్తుంది.

పైగా ముందు ఫైల్ చేసినవాళ్లదే హక్కు. ఏది పనికొస్తుందో తేలేదాకా ఆగితే చేజారిపోతుంది. అందుకే ముందు ఫైల్ చేసి, తర్వాత ఏరుకుంటారు. మన దేశంలో మూడో ఏడాది నుంచి 20 ఏళ్ల దాకా రెన్యువల్ ఫీజు పెరుగుతూ పోతుంది. ఏటా జాబితా చూసి, కొన్నింటికి ఫీజు కట్టకుండా వదిలేసేవాళ్లం. నాది ఆరో ఏట పోయింది, ఆ రోజు చాలా బాధపడ్డాను.

ఫోన్ల రంగంలో పేటెంట్లు బేరానికి పనికొస్తాయి. నువ్వు కేసు వేస్తే నేనూ వేస్తాననే బలం. గూగుల్ 2012లో మోటరోలా మొబిలిటీని 1,250 కోట్ల డాలర్లకు కొని, 2014లో ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకి అమ్మేసినా, పేటెంట్లు చాలావరకు తన దగ్గరే ఉంచుకుంది.

మందుల విషయంలో మాత్రం ఇలా వాడకుండా పేటెంట్ పట్టుకు కూర్చోవడం నాకు మింగుడు పడదు. పేటెంట్ వచ్చిన మూడేళ్ల తర్వాత కూడా దాన్ని ఇక్కడ వాడకపోయినా, మందు జనానికి అందే ధరలో లేకపోయినా, వేరేవాళ్లకు కంపల్సరీ లైసెన్స్ (పేటెంట్ ఉన్నవాళ్లు ఒప్పుకోకపోయినా తయారు చేసుకునే అనుమతి) ఇవ్వొచ్చని మన చట్టం చెప్తుంది. బేయర్ కంపెనీ కేన్సర్ మందు సొరాఫెనిబ్‌కు నెలకు దాదాపు 2.8 లక్షలు అయ్యేది. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఆ లైసెన్స్ తెచ్చుకుని నెలకు దాదాపు 8,800 రూపాయలకు ఇచ్చింది. దేశంలో అదే మొదటి కంపల్సరీ లైసెన్స్. ఆ వార్త మా ల్యాబ్‌లో అందరం నిలబడి చదివాం.

ఒక పేటెంట్‌ను ఇక్కడ వాడుతున్నారో లేదో కంపెనీయే ఫారం 27లో పేటెంట్ ఆఫీసుకు రాసివ్వాలి. మీకు అనుమానం ఉన్న మందుంటే ముందు అది చూడండి.