‘పౌడరు అద్దుకుంటున్న యువతి’లో ఉన్నావిడ ఎవరు? ఆ బొమ్మ లండన్‌కి ఎలా చేరింది?

కోర్టాల్డ్ గ్యాలరీలో బొమ్మ పక్కన చీటీ మీద సామ్యూల్ కోర్టాల్డ్ 1932లో ఇచ్చాడని ఉంది, అంతకుముందు సంగతేంటి, ఆవిడ పేరేంటి అని అడిగారు. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సెరా వేసిన ఈ బొమ్మ నాకు బాగా ఇష్టం. ఉద్యోగానికి లండన్ వచ్చినప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మొదట్లో నాకిది అంతగా నచ్చలేదు. ఆవిడ భారీ మనిషి, ముందున్న టేబులేమో బొమ్మరిల్లు సామానంత. సెరా ఆవిడని వెక్కిరిస్తున్నాడేమో అనిపించింది. 2022 చలికాలంలో మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. అమ్మ బొమ్మకి బాగా దగ్గరగా వెళ్లి, “ఇవన్నీ చుక్కలేనంటే!” అంది. బుగ్గ మీద గులాబీ, నారింజ చుక్కల మధ్య నీలం చుక్కలు. నాలుగడుగులు వెనక్కొస్తే అవే కలిసి ఒళ్లయిపోతాయి. కాసేపు చూసి అమ్మ అన్న మాట: “డబ్బులిచ్చి కూర్చోబెట్టిన మనిషి కాదే ఈ అమ్మాయి. ఎదురుగా మగాడున్నాడన్న బెరుకే లేదు. వేసినవాడికి బాగా కావలసిన మనిషి.”

అమ్మకి ఆవిడ కథ తెలియదు. కానీ సరిగ్గా అదే నిజం.

ఆవిడ పేరు మద్లెన్ నోబ్లాక్. సెరాతో కాపురం చేసింది, పెళ్లి కాలేదు. ఈ సంగతి దగ్గరి స్నేహితులకి కూడా తెలియనివ్వలేదు ఆయన. 1890లో పారిస్‌లో ఇండిపెండెంట్ చిత్రకారుల ప్రదర్శనలో ఈ బొమ్మ పెట్టినప్పుడు కూడా ఆవిడ పేరు లేదు. పౌడరు అద్దుకుంటున్న యువతి, అంతే. ఆ ఫిబ్రవరిలోనే వాళ్లకి కొడుకు పుట్టాడు. 1891 మార్చి 29న సెరా జబ్బుచేసి పోయాడు, ముప్పై ఒక్కేళ్లకే. రెండు వారాలు తిరిగేసరికి ఆ పసివాడూ పోయాడు. వాళ్ల కాపురం గురించి సెరా తల్లికి తెలిసింది కూడా ఆ చివరి రోజుల్లోనే.

మీరడిగిన చేతులు మారిన కథ మొదలయ్యేది ఇక్కడే. స్నేహితులు పాల్ సిన్యాక్, మాక్సిమిలియన్ లూస్, విమర్శకుడు ఫెలిక్స్ ఫెనెయాన్ కూర్చుని స్టూడియోలో ఉన్నవన్నీ లెక్క రాశారు. కొన్ని బొమ్మలు మద్లెన్‌కీ ఇచ్చారు. పంపకాల్లో మనస్పర్థలొచ్చాయి. ఆవిడ కూడా ఎక్కువకాలం బతకలేదు, 1903లో పోయింది.

తర్వాత బొమ్మ న్యూయార్క్ లాయరు జాన్ క్విన్ దగ్గరికి చేరింది. సెరా చివరి చిత్రం ‘సర్కస్’ని ఫ్రాన్స్‌లోని లూవ్ర్ మ్యూజియానికి రాసిచ్చినాయన ఈయనే. 1924లో ఆయన పోయాక వస్తువులు చెల్లాచెదురయ్యాయి, 1926లో దీన్ని సామ్యూల్ కోర్టాల్డ్ కొన్నాడు. వాళ్లది రేయాన్ వ్యాపారం, మనం ఆర్ట్ సిల్క్ అంటామే, ఆ కృత్రిమ పట్టు. 1931లో భార్య ఎలిజబెత్ చనిపోయాక తన ఇంటినీ, చాలా బొమ్మల్నీ కళాచరిత్ర నేర్పే కొత్త విద్యాసంస్థకి ఇచ్చేశాడు. మీరు చూసిన 1932 అదే.

ఇంకొక్కటి. ఈసారి వెళ్తే ఎడమవైపు పైన చూడండి. గోడకి వెదురు ఫ్రేము, అందులో పూలకుండీ ఉంటుంది. అక్కడ మొదట సెరా తన మొహమే వేసుకున్నాడని, వీళ్ల సంబంధం తెలియని స్నేహితుడెవరో చూసి బాగాలేదంటే పూలతో కప్పేశాడని పాత కథ ఒకటి ప్రచారంలో ఉండేది. ఆ స్నేహితుడి మాట ఎంత నిజమో గానీ, పూల కింద మొహం ఉన్న మాట మాత్రం నిజమే. పరికరాలతో పరీక్షించి తీసిన చిత్రాలు 2014లో బయటికొచ్చాయి: ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) ముందు బొమ్మ వేస్తూ ఆయనే ఉన్నాడు. సెరా రంగుల్లో తనని తాను వేసుకున్నది మనకి తెలిసి ఇదొక్కటే.

పూల కింద మొహం సంగతి చదివిన రోజు అమ్మకి ఫోన్ చేశాను. “అదే కదా, ఆ పిల్ల మొహం చూస్తే తెలియట్లా!” అంది.