పిట్టలకి దారి వదిలే ప్లాను గురించి మా గుంటకి

అమ్మడూ,

విజయనగరంలో పార్కులన్నిటినీ పిట్టలకి పనికొచ్చేలా కలపాలని మీ ఆఫీసులో నీకు అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా ఉద్యోగమంతా అటవీశాఖ నర్సరీల్లోనే గడిచింది కదా, నాకు తోచింది రాస్తన్నాను, పనికొచ్చింది తీసుకో.

ముందు ఏటంటే, కొత్త పార్కు ఎక్కడ కట్టాలా అని మొదలెట్టకు. ఊరి మ్యాపు పెద్దది ప్రింటు తీయించి పార్కులతో పాటు పెద్ద చెరువు గట్టు, అయ్యకోనేరు చుట్టుపక్కల, కోట కందకం, కంటోన్మెంటు, స్కూళ్ళు కాలేజీల గ్రౌండ్లు, గుళ్ళ ఆవరణలు, శ్మశానాలు, రైలు పట్టాల పక్క జాగా, చెట్టున్న చోటల్లా పచ్చ పెన్నుతో నింపు. ఇంకా తెల్లగా ఏది మిగిలిందో అదే నీ పని. గోరింక, కాకి ఎంత దూరమైనా ఎగిరిపోతాయి, వాటికి నీ ప్లానుతో పని లేదు. తేనెపిట్ట, దర్జీపిట్ట లాంటి బుల్లివి నీడ లేని వెడల్పు రోడ్డు దాటడానికి జంకుతాయి, వాటిని లెక్కలో పెట్టుకునే గీత గియ్యి. పల్లెవెలుగు బస్సు ఊరూరా ఆగినట్టు వాటికి దారి పొడుగునా దిగడానికో చెట్టు, దూరడానికో పొద కావాలి. రింగ్ రోడ్డు మధ్యలో డివైడర్ మీద వరసగా ఒకే రకం మొక్క వేసి గ్రీన్ కారిడార్ అని బోర్డు పెట్టీడం కాదు.

సింగపూర్లో 1990ల నుంచీ ఒక పార్కుని ఇంకో పార్కుతో కలిపే దారులు, పార్కు కనెక్టర్లని వేస్తన్నారు, ఇప్పుడవి 300 కిలోమీటర్లు దాటిపోయాయి. అవి నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ, మనం చూడాల్సింది అక్కడ రోడ్ల పక్కన అడవిలోలాగ పెద్ద చెట్టు, దాని కింద చిన్న చెట్టు, దాని కింద పొద అంచెలంచెలుగా నాటే పద్ధతి. అంత డబ్బు మనకి లేదనుకో, కానీ అంచెలు పెట్టడానికి డబ్బెందుకు, కరివేపాకు, గోరింట, మందారం, నూరువరహాలు, ఇవేవీ ఖరీదైనవి కావు, కరివేపాకు పళ్ళకి పికిలిపిట్టలు ఎలా ఎగబడతాయో మీ పెరట్లోనే చూసుంటావు. ఒక్కటే, ఆ పొదల్ని ప్రతి నెలా బంతుల్లాగా కత్తిరించకూడదని కాంట్రాక్టరుకి రాతలో ఇవ్వు. నోటితో చెప్తే వినరు.

ఇక చెట్ల సంగతి. రావి, జువ్వి, మర్రి, మేడి, ఈ నాలుగూ ఉంటే సగం ప్లాను అయిపోయినట్టే. ఇవన్నీ ఒకేసారి కాయవు, ఒక చెట్టు పళ్ళు అయిపోయేసరికి ఇంకో చెట్టు పండుతుంది, మిగతా చెట్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా కంసాలిపిట్ట, కోకిల, గోరింక వీటి మీదే బతుకుతాయి. కాకపోతే గోడ దగ్గరా డ్రైనేజీ దగ్గరా వేసీకు, వేళ్ళు గోడ లేపేస్తాయి, తర్వాత జనం తిట్టేది నిన్నే. ఇరుకు చోట కానుగ, పొగడ, నేరేడు వెయ్యి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క ఎవరైనా చవగ్గా తెస్తే వద్దని చెప్పీ, 2023లో గుజరాత్ దాన్ని నిషేధించింది కూడా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తురాయిలూ నిద్రగన్నేర్లూ రోడ్లకడ్డంగా ఎలా పడిపోయాయో అప్పుడు నువ్వు చిన్నదానివి, మీ నాన్నని అడుగు. మన తీరంలో తుఫాను లెక్క వెయ్యకుండా చెట్ల ప్లాను రాయకూడదు.

ఎండిన చెట్టు కనిపిస్తే వెంటనే కొట్టించీకు. 2018లో రామచిలకని రాష్ట్ర పక్షి చేసుకున్నాం, అది పిల్లల్ని పెట్టేదేమో తొర్రలో, ఆ తొర్ర ఉన్న మానుని మాత్రం ఎండిపోయిందని కట్టెలకి అమ్మీడం! దారి మీద పడే ప్రమాదం లేకపోతే పై కొమ్మలు తీయించి మొండెం ఉంచు, వడ్రంగిపిట్ట, పైడికంటి అనే చిన్న గుడ్లగూబ కూడా అందులోనే చేరతాయి.

అన్నిచోట్లా చెట్లే నింపీకు సుమా. దసరాకి అందరూ వెతికే పాలపిట్టకి తీగ మీదో మోడు మీదో కూర్చుని కింద ఖాళీ నేల మీద పురుగుని చూసి పట్టుకునే జాగా కావాలి, అందుకని కొన్ని గ్రౌండ్లు గడ్డితో అలాగే ఉండనీ, టైల్స్ పరిచీకండి. చెరువు గట్టు కూడా అంతే, చుట్టూ నిలువుగా కాంక్రీటు గోడ కట్టి లైట్లు పెడితే జనానికి వాకింగ్ బాగుంటుంది గానీ కొంగలకి నిలబడ్డానికి బురద అంచు పోతుంది, ఒక వైపైనా వాలుగా మట్టి గట్టు ఉంచమని గట్టిగా అడుగు, ఆ వైపు రాత్రి లైట్లు తగ్గించమను. దీనికి ఎక్కువ గొడవ పడాల్సొస్తుంది, ముందే చెప్తన్నాను.

పురుగుమందు పార్కుల్లో కొట్టనీకు. పిచ్చుక గింజలు తినేదే అయినా పిల్లలకి పెట్టేది పురుగులే, ఆకుల కింద పురుగు లేకపోతే గోడకి ఎన్ని పిచ్చుక గూళ్ళు తగిలించినా ఏటి లాభం. రాలిన ఆకుల్ని పొదల కిందకి తోయించు, కాల్పించకు. కరెంటోళ్ళు కొమ్మలు కొట్టడానికి మే నెలలో వస్తారు, అప్పుడు గూళ్ళలో పిల్లలుంటాయి, తీగకి తగిలేవి తప్ప మిగతావి ఆగస్టు దాటాక కొట్టుకోమని ఇప్పటి నుంచే వాళ్ళతో మాట్లాడుకో. పెద్ద చెట్టు ఎవరు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం, అదే నీరు, భూమి, చెట్ల చట్టం కింద పర్మిషన్ తీసుకోవాలి, ఆ సంగతి మీ ఇంజినీర్లకి గుర్తు చెయ్యి.

పని మొదలవక ముందే ఒక దారి ఎంచుకుని పొద్దున్నే ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో రాసిపెట్టించు, కాలేజీ పిల్లల్ని పిలిస్తే సరదాగా వస్తారు, పిట్టల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ యాప్‌లో పెడితే లెక్క ఎక్కడికీ పోదు. తర్వాత ఏటి మారిందని పైవాళ్ళు అడిగితే చూపించడానికి అదే ఆధారం.

మర్రి, జువ్వి పెద్ద కొమ్మ పాతినా బతుకుతుంది, జూన్లో వానలు పడగానే పాతాలంటే వేసంగిలోనే నర్సరీవాళ్ళకి చెప్పి ఉంచుకోవాలి. బిల్లు మాత్రం మొక్క నాటినందుకు కాదు, మూడేళ్ళు బతికినందుకు ఇచ్చేలా టెండర్లో రాయించు. మీ అకౌంట్సువాళ్ళు ఒప్పుకోరు, నాకు తెలుసు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఆ నోట్ ఫైలు ఎలా పెట్టాలో చెప్తాను.

బాబాయి