పడవ మీద కాపురం పెడితే ఇరుగుపొరుగు ఉంటారా? మా మూడేళ్ల అనుభవం

మీ వారికి లండన్ దగ్గర ఉద్యోగం వచ్చిందనీ, ఇళ్ల అద్దెలు చూసి పడవ కొని మెరీనాలో, అంటే పడవలు వరసగా కట్టి ఉంచే రేవులో, ఉందామంటున్నారనీ రాశారు. అక్కడ మనుషుల తోడు ఉంటుందా, నీళ్ల మీద ఒంటరిగా పడి ఉండాల్సి వస్తుందా అని మీ ప్రశ్న. మేమిద్దరం 2016 నుంచి 2019 దాకా అలాగే ఉన్నాం. మిల్టన్ కీన్స్ దగ్గర, గ్రాండ్ యూనియన్ కాలువను ఆనుకుని ఉన్న ఒక మెరీనాలో. ఇప్పుడు మల్కాజిగిరిలో ఫ్లాట్‌లో ఉంటున్నాం. మనుషుల విషయంలో అయితే టెన్షన్ పడకండి. ఇక్కడ ఇన్నేళ్లలో కుదరని ఇరుగుపొరుగు నాకు అక్కడ మొదటి చలికాలంలోనే కుదిరింది.

మాది న్యారోబోట్, అంటే కాలువల్లో తిరిగే సన్నని పడవ. పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగుల లోపే. అంటే మన ఆర్టీసీ బస్సు కంటే సన్నం, పొడవు మాత్రం బస్సున్నర. అందులోనే వంటగది, మంచం, స్నానాల గది, వెచ్చదనానికి బొగ్గు పొయ్యి. పక్క పడవకీ మనకీ మధ్య ఒక సన్నని చెక్క దారి, అంతే. దాన్ని పాంటూన్ అంటారు. మీ ఇంట్లో పోపు వేస్తే వాసన మూడు పడవల అవతలికి వెళ్తుంది. నేను మొదటిసారి ఎండుమిర్చి వేయించినప్పుడు పొగ అలారం మోగి, ఇద్దరు నిప్పు ఆర్పే సిలిండర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. అప్పటిదాకా వాళ్ల ముఖాలు కూడా నాకు సరిగ్గా తెలియవు.

అక్కడ మనిషిని పడవ పేరుతోనే గుర్తుపడతారు. సొంత పేరు తెలియడానికి నెలలు పడుతుంది. ఫలానా పడవావిడ, ఫలానా పడవ పెద్దాయన, అంతే. మనకి ఇంటిపేరు ఉన్నట్టే అనుకోండి. నాకు అది చాలా తొందరగా అలవాటైంది.

ఒక్క మర్యాద మాత్రం ఖచ్చితంగా నేర్చుకోవాలి. పిలవకుండా ఎవరి పడవ మీదా కాలు పెట్టకూడదు. మన వైపు తలుపు తీసి ఉంటే "వదినా ఉన్నావా" అంటూ లోపలికి వెళ్లిపోతాం కదా, అక్కడ అలా చేయకండి. పైన అడుగు పడితే పడవంతా ఊగుతుంది, లోపల పడుకున్న మనిషి ఉలిక్కిపడి లేస్తుంది. పాంటూన్ మీదే నిలబడి పడవ పక్కన తట్టి పిలవాలి. నేను మొదటి వారమే దోసెలు పట్టుకుని సరాసరి ఎక్కేశాను. పక్క పడవావిడ కోప్పడలేదు కానీ, దోసె తింటూనే ఈ సంగతి నెమ్మదిగా చెప్పింది. అలాగే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఇంజిన్ నడపరు. అంత దగ్గర దగ్గరగా బతికే చోట ఈ రెండూ పాటించకపోతే నోటితో ఎంత మంచిగా మాట్లాడినా లాభం లేదు.

స్నేహాలు కుదిరేది పనుల్లోనే. ఒక రాత్రి పెద్ద గాలి లేచింది. మా పడవ తాడు ఒకటి వదులై, వెనక భాగం పక్క పడవను గుద్దుతోంది. మేం లేచేసరికే ఒకాయన రాత్రి బట్టల్లోనే వచ్చి మా తాడు బిగిస్తున్నాడు. మర్నాడు మా ఆయన తాడు ముడులు నేర్పించమని అడిగారు. అది ఆ పెద్దాయనకి ఎంత ఆనందమో! తర్వాత ఏ పడవ లోపలికి వస్తున్నా మా ఆయన వెళ్లి తాడు అందుకునేవారు. వాళ్లతో కలిసిపోవడానికి ఇంతకంటే పెద్ద విద్య అక్కర్లేదు.

టాయిలెట్ సంగతి మీరు అడగలేదు కానీ చెప్పాలి. చాలా పడవల్లో ఉండేది సుమారు 20 లీటర్ల క్యాసెట్, అంటే మలమూత్రాలు చేరే డబ్బా. నిండాక మనమే మోసుకెళ్లి, దానికోసం ఉన్న చోట ఖాళీ చేసి కడగాలి. మొదటి నెల నాకు ఏడుపొచ్చింది. తర్వాత చూస్తే రిటైరైన కాలేజీ లెక్చరర్, లారీ డ్రైవర్, నర్సు, అందరూ అదే చేత్తో పట్టుకుని అదే వరసలో నిలబడుతున్నారు. ఆ వరసలో నిలబడ్డవాళ్ల మధ్య నేనెక్కువ నువ్వు తక్కువ అన్న మాట రావడం నేను చూడలేదు.

ఇక డబ్బు కట్టేముందు చూసుకోవాల్సింది మూరింగ్, అంటే పడవ కట్టుకునే చోటు. శాశ్వతంగా నివసించడానికి ఇచ్చేది వేరు, సరదాకి పడవ ఉంచుకోవడానికి ఇచ్చేది వేరు. మాకు మెరీనావాళ్లు నోటిమాటగా "ఉండండి, ఏం ఫర్వాలేదు" అన్నారు. కాగితంలో ఉన్నది మాత్రం రెండో రకం. ఏడాదిన్నరకి "ఏడాది పొడవునా ఇక్కడే పడుకోకూడదు" అని ఉత్తరం వచ్చింది. ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్లకి ఉండే చట్ట రక్షణ మూరింగ్‌కి మామూలుగా ఉండదు. ఆ వారం మాకు నిద్ర లేదు. మాలాంటి ఉత్తరమే అందుకున్న ఇంకో ఆరు పడవలవాళ్లతో కలిసి వెళ్లి మాట్లాడితే గడువు దొరికింది, తర్వాత మాకు నివాసపు చోటు కుదిరింది. మీరు కాగితం మీద "రెసిడెన్షియల్" అన్న మాట చూడకుండా సంతకం పెట్టకండి. సొంత మూరింగ్ లేకుండా కాలువల మీద తిరుగుతూ బతికేవాళ్లూ ఉన్నారు. అక్కడి కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ నిబంధన ప్రకారం వాళ్లు ఒకే చోట 14 రోజులకి మించి మామూలుగా ఆగకూడదు. ఉద్యోగం, కొత్త దేశం, ఇన్ని ఉన్నప్పుడు మొదట్లోనే అది వద్దని నా సలహా.

2018 ఫిబ్రవరి చివర్లో ఇంగ్లండ్‌లో విపరీతమైన మంచు పడింది. మా ఆయన అప్పుడు హైదరాబాద్‌లో, మామగారి ఆపరేషన్ కోసం. నాకు జ్వరం. రాత్రి పొయ్యిలో బొగ్గు వేయలేక అలాగే పడుకుండిపోయాను. పొద్దున పడవ పక్కన గట్టిగా తడుతున్న చప్పుడు. పక్క పడవావిడ, డెబ్భై ఏళ్ల మనిషి, మంచులో నిలబడి "నీ చిమ్నీ నుంచి పొగ రావడం లేదేంటి?" అంటోంది. లోపలికి రమ్మన్నాను. ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారం, అంటే పొయ్యి నుంచి వచ్చే విషవాయువుని పసిగట్టి మోగేది, పనిచేస్తోందో లేదో నొక్కి చూసింది. తర్వాత పొయ్యి అంటించింది. పాంటూన్ మీది కుళాయి గడ్డకట్టి ఉంటే తన ట్యాంకు నుంచి నీళ్లు తెచ్చి కాచి ఇచ్చింది. పొద్దున్నే లేచి అటూ ఇటూ ఉన్న చిమ్నీలు చూడటం అక్కడి పాతవాళ్ల అలవాటని ఆ రోజే నాకు తెలిసింది. ఇప్పుడు మా అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ గుమ్మం ముందు పాల ప్యాకెట్ ఎనిమిదింటికి కూడా అలాగే ఉంటే నేను బెల్ కొడతాను. ఆ అలవాటు నాకు అక్కడ అబ్బింది.

పొయ్యి ఉన్న పడవలో ఆ అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. ఆ వాయువుకి రంగు ఉండదు, వాసన ఉండదు.

పండగల గురించి కూడా రాశారు. చిన్నప్పుడు సద్దుల బతుకమ్మకి అమ్మతో ట్యాంక్‌బండ్‌కి వెళ్లిన మనిషిని, చుట్టూ నీళ్లు పెట్టుకుని ఊరుకోలేకపోయాను. తంగేడు, గునుగు దొరకవు కదా, సూపర్‌మార్కెట్ చామంతులతోనే చిన్నగా పేర్చాను. మెరీనా ఆఫీసులో ముందే అడిగితే, పూలు నీళ్లలో వదిలేయకుండా మళ్లీ తీసేస్తే సరేనన్నారు. పాట రాకపోయినా ఐదుగురు ఆడవాళ్లు నాతో చప్పట్లు కొడుతూ తిరిగారు. తెల్లారి చూస్తే పూలు లేవు. తాడు బిగించిన ఆ పెద్దాయన పొద్దున్నే పొడుగు కర్ర వలతో అన్నీ తీసి, తడి బకెట్‌లో మా పడవ ముందు పెట్టి వెళ్లాడు.

అన్ని మెరీనాలూ ఇలా ఉండవు. కొన్నింటిలో పడవలు నిండా ఉంటాయి, మనుషులు వారాంతంలో తప్ప కనిపించరు. వేసవి ఆదివారం వెళ్లి ఆ సందడి చూసి కొనకండి. జనవరిలో, మామూలు పనిరోజు సాయంత్రం, ఆఫీసులో అడిగి పాంటూన్ మీద ఒకసారి నడవండి. ఎన్ని కిటికీల్లో దీపం ఉందో, ఎన్ని చిమ్నీల నుంచి పొగ వస్తోందో లెక్కపెట్టండి. ఎవరైనా బయట కనిపిస్తే పలకరించి, కుళాయి గడ్డకట్టిన రోజు నీళ్లకి ఏం చేస్తారని అడగండి.