తాగుడు మాన్పించే డాక్టర్‌ని అవుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది నిజామాబాద్. మా అమ్మాయి హౌస్ సర్జన్సీ చేస్తోంది. సైకియాట్రీలో పీజీ చేసి, తాగుడుకీ మత్తుమందులకీ బానిసలైనవాళ్లకు వైద్యం చేస్తానంటోంది. నచ్చజెప్పి మాన్పించే పనికి అంత చదువు కావాలా? ప్రత్యేకంగా కోర్సులున్నాయా?

జవాబు: నచ్చజెబితే మానేది కాదండీ ఇది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మీ జిల్లాలో ఏమైందో గుర్తు చేసుకోండి. కల్లు ఒక్కసారిగా మారేసరికి ఎంతోమంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకొచ్చారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం లాంటి మత్తునిచ్చే మందులకు వాళ్ల ఒళ్లు అలవాటుపడిపోయింది. వాటిని మెల్లమెల్లగా తగ్గించాలి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

సారా తాగేవాళ్ల సంగతీ అంతే. మానేసిన రెండు మూడు రోజుల్లోపే టీ గ్లాసు పట్టుకోలేనంతగా చేతులు వణుకుతాయి. దుప్పటి మీద పురుగులు పాకుతున్నాయని ఏరుతుంటారు. నీరసంగా ఉన్నాడు కదా అని ముందే గ్లూకోజ్ ఎక్కించకూడదు, ముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇదంతా డాక్టరు పనే. కౌన్సెలింగ్ దీని తర్వాత మొదలవుతుంది. అది కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

ఇక చదువు. ముందు నీట్ పీజీ లేదా ఐఎన్‌ఐ సెట్ (ఎయిమ్స్ లాంటి జాతీయ సంస్థల ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎండీ సైకియాట్రీ చేయాలి. తర్వాత కావాలనుకుంటే అడిక్షన్ సైకియాట్రీలో మూడేళ్ల డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు) ఉంది. బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ ఇందులో పేరున్నవి. ప్రవేశం ఐఎన్‌ఐ-ఎస్‌ఎస్ పరీక్షతో. సీట్లు చాలా తక్కువ. కానీ డీఎం లేకపోతే ఈ వైద్యం చేయకూడదని ఎక్కడా లేదు, ఎండీ చాలు. పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా డీఎం పనికొస్తుంది.

అందుకే నేనైతే ఎండీ సీటు ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడమంటాను. కాలేజీ పేరుకన్నా ముందు అక్కడ డీఅడిక్షన్ వార్డు ఉందా, పీజీలను అందులో ఎన్ని నెలలు వేస్తారు, బ్యూప్రినార్ఫిన్ (హెరాయిన్ లాంటి వాటికి అలవాటుపడ్డవాళ్లకిచ్చే మందు) మీద ఉన్న పేషెంట్లను చూస్తారా అని అక్కడి సీనియర్లను అడగమనండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, వాటి గురించీ కనుక్కోండి.

దేశంలో మద్యం వల్ల సాయం అవసరమయ్యే స్థితికి చేరినవాళ్లు 5.7 కోట్ల మందికి పైగా ఉన్నారని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. అమ్మాయికి పని ఉండదన్న టెన్షన్ మీకొద్దు. హౌస్ సర్జన్సీలో సైకియాట్రీ పోస్టింగ్ రెండు వారాలే, వీలైతే అందులో కొన్ని రోజులు డీఅడిక్షన్ ఓపీలోనే గడపమనండి. ఆ తర్వాత కూడా అదే మాట మీద ఉంటే, సీటు కోసం వెతకడంలో మీరే తోడుండండి.